చేదెక్కిన తేనె

శరభయ్యకు తన గురువుగారితో ఒకటే చిక్కు. ఏది అడిగినా ఆయన "ఏమో" అంటారు.

నల్లమల అంచున ఆకులూ వేళ్లూ నూరి మందులిచ్చే వైద్యుడాయన. వింత మనిషి. తన కంటికి కనిపించింది, తన నాలుకకు తెలిసింది తప్ప ఇంకేదీ చెప్పరు. దేవుడున్నాడా అని ఎవరైనా అడిగితే, "ఏమో నాయనా, నాకింకా కనబడలేదు. నీకు కనబడితే చెప్పు, వింటాను" అంటారు. ఎగతాళికి కాదు సుమా, చెబితే నిజంగానే కూర్చుని వింటారు. అలా ఆయన అసలు పేరు మరుగునపడిపోయి, అందరికీ ఏమోగారే అయ్యారు.

ఇన్నేళ్లు చదివాక ఒక్క సంగతైనా ఖాయంగా తెలియాలి కదా అని శరభయ్య లోలోపల కుతకుతలాడుతున్న రోజుల్లో, చెంచు గూడెం నుంచి ఈదమ్మ తేనె తెచ్చింది. మందుల్లో కలిపే తేనె ఎప్పుడూ ఆమెదే.

శరభయ్య వేలు ముంచి నాకాడు. మొహం చిట్లించి ఉమ్మేశాడు.

"చేదు! ఏం కలిపావు ఈదమ్మా ఇందులో?"

"నేనేం కలుపుతా సామీ! తుట్టె పిండి అట్లే తెస్తి."

"మోసం. ఇక నీ తేనె ఈ గడప తొక్కకూడదు."

మందు కోసం వచ్చిన వాళ్లంతా విన్నారు. ఆ మాట నలుగురి నోళ్లలో పడితే ఆమె తేనె ఇంకెవరూ ముట్టరు. ఈదమ్మకు కళ్ల నీళ్లు తిరిగాయి.

ఏమోగారు వచ్చి కాస్త నాలుకకు రాసుకున్నారు. "నాకు తీయగానే ఉందే!"

ముసలితనంలో ఈయన నాలుక మొద్దుబారిందనుకున్నాడు శరభయ్య. "నోట్లో వేసుకోనిదే నమ్మవద్దని మీరే నేర్పారు. వేసుకున్నాను. చేదు. ఇది మాత్రం ఖాయం."

ఆయన శిష్యుడి కళ్లలోకి కాసేపు చూశారు. కుండ మూతికి గుడ్డ చుట్టి, ముడి శరభయ్య చేతే వేయించి, అతని పక్క దగ్గరే పెట్టించారు.

"కొన్నాళ్లు ఓపిక పట్టు తల్లీ" అని ఈదమ్మను పంపించారు.

మర్నాటికి శరభయ్యకు అన్నం సయించలేదు. కళ్లు పసుపు పూసినట్టయ్యాయి. కామెర్లు. ఏమోగారు రోజూ పొద్దున్నే నేల ఉసిరి నూరి, మజ్జిగలో కలిపి తాగించారు. తేనె మాట ఎత్తలేదు.

కళ్లు తేటపడి, ఆకలి పుట్టాక, ఒకనాడు ఆ కుండ ముందు పెట్టారు. శరభయ్య ముడి చూశాడు. తను వేసిందే. విప్పి, వేలు ముంచి నోట్లో పెట్టుకున్నాడు. వేలు నోట్లోనే ఉండిపోయింది.

చటుక్కున లేచాడు. "గూడేనికి వెళ్లి ఈదమ్మతో చెప్పి వస్తాను గురువుగారూ. తేనె తీపే! ఇది మాత్రం ఖాయం!"

"మళ్లీ ఆ ఒక్క మాట మరిచిపోయావు నాయనా."

"ఏ మాట?"

ఏమోగారు మజ్జిగ గిన్నె కడుక్కుంటూ ఉండిపోయారు.

దారి పొడవునా ఆలోచించాడు శరభయ్య. ఈదమ్మ గుడిసె ముందు బుట్ట అల్లుతోంది. గూడెమంతా చూస్తుండగా ఆమెకు చేతులు జోడించాడు.

"తప్పు నా నోటిది తల్లీ. నీ తేనెది కాదు."

"ఆ పొద్దు తేనెనే తిడితివే!" అంది ఈదమ్మ. లోపలికి పోయి, అప్పుడే పిండిన తేనె ఆకుదొప్పలో తెచ్చి చేతికిచ్చింది. "ఈ తూరి నోరు సరిగ్గుందో లేదో! చూసి చెప్పు సామీ, ఎట్లుంది?"

శరభయ్య నాలుకకు రాసుకున్నాడు. అందరూ అతని నోటికేసే చూస్తున్నారు.

"నాకు..." అన్నాడు. ఆ మాట దగ్గర చాలాసేపు ఆగాడు.

"నాకు తీయగా ఉంది."