తలపాగా చుట్టుకున్న నారింజ మొక్కలు

ఒకానొక రాజ్యంలో, రాజ్యమంటే మరీ పెద్దదేం కాదు, ఏనుగు ఘీంకరిస్తే పొరుగు రాజ్యంలో ఉలిక్కిపడేటంత రాజ్యంలో, పైడమ్మ అనే తోటమాలి ఉండేది. కొండల నడుమ ఇరుక్కున్న ఆ రాజ్యం పేరు మంచుగెడ్డ. దాన్ని ఏలే ప్రభువు ఉద్దండకేసరి దేవు. పేరుకు తగ్గ మీసం, మీసానికి తగ్గ కోపం ఆయనవి.

పుష్యమాసం వచ్చిందంటే ఆ కొండల్లో చలి మామూలుగా ఉండదు. తెల్లారేసరికి గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు పేరుకునేది. పెద్ద చెట్లు ఎలాగో ఓర్చుకునేవి. పసి మొక్కలైతే ఒక్క రాత్రికే ఆకు నల్లబడి ప్రాణం వదిలేవి.

అలాంటి చోట పైడమ్మ రాజుగారి తోటలో అరవై నారింజ మొక్కలు పెంచింది. ఎక్కణ్ణించో తెచ్చి నాటినవి కావు. గింజలు పాతి, మొలకలు లేపి, చీడ పట్టకుండా ఆకు ఆకూ తుడిచి జానెడు ఎత్తుకు తెచ్చింది. ఈ నేలలో నారింజ బతకదని ఊరంతా అన్నారు. "పైడమ్మ సేతిలో పడ్డాక బతక్కేటి సేస్తాది!" అని ఆవిడ ఎదురు చెప్పేది. గర్వమా అంటే గర్వమే. అరవై మొక్కల్ని చలి నోట్లోంచి లాక్కొచ్చిన మనిషికి ఆపాటి గర్వం ఉండకూడదా ఏం?

పొద్దు వాలే వేళకి ఆవిడ మొక్కల మొదళ్ళలో ఎండుటాకులు పరిచి, ఒక్కోదానికీ ఎండుగడ్డితో కట్టిన టోపీ తొడిగేది. మర్నాడు ఎండ బాగా ఎక్కాకే తీసేది. ఎండ రాకముందు తీస్తే అన్నాళ్ళ కష్టమూ మట్టిపాలే.

ఒకనాడు రాజుగారికి పొద్దుటే నిద్ర చెడింది. ఆస్థాన పండితుడు పేరిశాస్త్రిని వెంటేసుకుని, సూర్యుడింకా కొండ దాటకముందే తోటలోకి వచ్చారు. చూస్తే ఏముంది! అరవై గడ్డి టోపీలు వరసగా నిలబడి ఉన్నాయి.

రాజుగారి మీసం లేచింది. "ఏమిటిది? నేను వస్తే తలపాగాలు దించకుండా నిలబడ్డాయే!"

ఇక్కడో మాట చెప్పాలి. ఆ సంస్థానంలో ఒక మర్యాద ఉంది. రాజు ఎదుట ఎవరూ తల దాచకూడదు, పాదం దాచకూడదు. తలపాగాలోనో చెప్పులోనో కత్తి దాచుకొస్తారని రాజుగారి తాతగారికి భయం. తాతగారు పోయారు. భయం మాత్రం మర్యాద అనే పేరు పెట్టుకుని ఉండిపోయింది.

పైడమ్మ తన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని దణ్ణం పెట్టింది. "మారాజా, మొక్కలకి తలేటి, తలపాగాలేటి! అవి సలికి కప్పినవి."

రాజుగారు పండితుడి వైపు చూశారు. పేరిశాస్త్రి గొంతు సవరించుకున్నాడు. అడగడమే ఆలస్యం, ఆయన నోట్లో మాట ఎప్పుడూ సిద్ధంగా ఉండేది.

"ప్రభూ! వృక్షానికి పాదపమని పేరు. పాదాలతో నీరు తాగేది గనుక పాదపం. అంటే వేళ్ళే పాదాలు. పాదాలు కింద ఉన్నప్పుడు పైనున్నది శిరస్సు కాక ఏమవుతుంది? శిరస్సు మీదున్నది తలపాగా కాక ఏమవుతుంది?"

"భేష్!" అన్నారు రాజుగారు. "తీసేయ్, పైడమ్మా. ఇప్పుడే, నా కళ్ళముందే."

"ఎండ రాలేదు మారాజా. ఇప్పుడు తీస్తే సచ్చిపోతాయి."

"చావడానికి వీల్లేదు. ఒక్క మొక్క వాడినా రేపట్నించి ఈ తోటలో నీకు పని లేదు."

తీస్తే మొక్కలు పోతాయి, తియ్యకపోతే ధిక్కారం. పైడమ్మకి గుండెల్లో రాయి పడింది. పని పోతుందని కాదు. ఏడాది పాటు బిడ్డల్లా చూసుకున్న మొక్కలు తన చేతుల మీదే చచ్చిపోతాయని. కన్నీళ్ళు కళ్ళదాకా వచ్చాయి. అవి కారితే రాజుగారు చూస్తారని మింగేసి, పండితుడి వైపు తిరిగింది.

"పంతులుగారూ, నాను సదువులేని దాన్ని. ఇంకోసారి సెప్పండి. మొక్కకి వేర్లు పాదాలేనా? మాట తప్పరు గదా?"

"శాస్త్రం చెప్పింది. నేను తప్పడమేమిటి? పాదాలే!"

"అలగైతే సరే," అని పైడమ్మ చీర చెంగు బిగించి గునపం అందుకుంది. నారింజల వైపు పోలేదు. తోట నడుమ రాజుగారు స్వహస్తాలతో నాటిన సంపంగి మొక్క ఉంది. వచ్చిన చుట్టానికల్లా ఆయన దాన్ని చూపించుకునేవారు. పైడమ్మ సూటిగా దాని మొదట్లో గునపం దించింది.

ఒక పోటు పడింది. మట్టి పెళ్ళ లేచింది.

"ఏయ్! ఏమిటా పని?" అని రాజుగారు ఒక్క గెంతు గెంతారు.

"మర్యాద మారాజా! తమరి ముందర తలా దాయకూడదు, పాదమూ దాయకూడదు గదా! ఈ సంపంగికి ఎంత పొగరో సూడండి. తమరు సేత్తో నాటినా సరే, పాదాలు రెండూ మట్టిలో దాసుకుని నిలబడింది. ముందు దీని పాదాలు బయటికి తీస్తాను. తరవాత నారింజల తలపాగాలు తీస్తాను. పెద్దదాన్ని వొదిలేసి పిల్లల్ని దండిస్తే నాయమా?"

"వేళ్ళు బయటపెడితే చచ్చిపోతుందే పిచ్చిదానా!"

"సస్తే సావనీండి. మర్యాద దక్కుతాది."

గునపం మళ్ళీ పైకి లేచింది. రాజుగారు రాజునన్న సంగతి మరిచి, పరుగున వచ్చి గునపం పట్టుకున్నారు. "మర్యాద కోసం మొక్క ప్రాణం తీస్తావా!"

పైడమ్మ గునపం వదిలేసింది. "ఆ మాట తమరి నోటితో వినాలనే మారాజా, గునపం పట్టుకున్నాను."

పేరిశాస్త్రి ఆకాశంలో ఏదో వెతుక్కుంటున్నాడు. రాజుగారు సంపంగిని చూశారు, అరవై గడ్డి టోపీలనూ చూశారు. మీసం కింద పెదవి అదిరింది. ఇక ఆగలేక పొట్ట పట్టుకుని నవ్వారు.

"శాస్త్రీ! నీ పాదపం మన కాళ్ళకే అడ్డం పడిందయ్యా!" అంటూ తన భుజం మీది పట్టుశాలువా తీసి పైడమ్మకి కప్పారు. "ఏం కావాలో కోరుకో."

పైడమ్మ లేచిన మట్టిని సంపంగి మొదట్లోకి తోసి, కాలితో అదిమి, అప్పుడు తలెత్తింది. "ఏనుగుల సావిట్లో ఎండుగడ్డి శానా ఉంది. రెండు బళ్ళు ఇప్పించండి. ఇంకోటి. ఈ తోటలోకి ఎవులెప్పుడు రావాలో నానే సెప్తాను."

"ఎవరైనా?"

"ఎవులైనా."

రాజుగారు మీసం దువ్వుకుని, సరే అన్నారు.

ఆ రాత్రి కురిసినంత మంచు ఆ ఏడు మరి కురవలేదు. కోట బురుజులు సైతం తెల్లబడ్డాయి. రాజుగారికి మనసు ఆగక, తెల్లారీ తెల్లారకుండానే తోట గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"పైడమ్మా! బతికే ఉన్నాయా?"

ఆవిడ ఒక గడ్డి టోపీ అంచు వేలెడంత ఎత్తి చూసింది. లోపల ఆకు నిగనిగలాడుతోంది. మళ్ళీ జాగ్రత్తగా దించేసింది.

"బతక్కేటి సేస్తాయి! ఎండెక్కినాక రండి మారాజా. బిడ్డలింకా లెగలేదు."

మంచుగెడ్డ ప్రభువు ఉద్దండకేసరి దేవు పకపకా నవ్వి, ఎండ వచ్చేదాకా గుమ్మం బయటే నిలబడ్డారు.