కొత్వాలుగారి కాళ్ల జోరు

రాజవీధిలో బళ్లు మరీ జోరుగా పోతున్నాయని కొత్వాలు భుజంగరాయుడు రెండు రాళ్లు పాతించి, పక్కనే నీళ్లు నింపిన చిల్లికుండ వేలాడదీయించాడు. మొదటి రాయి దాటిన బండి రెండో రాయి చేరేలోగా ఇరవై చుక్కలు పడాలి. తక్కువ పడ్డాయా, బండిని లాగినవి రాజుగారి దొడ్డికే!

కుమ్మరి సింగమ్మ బండికి పదకొండే పడ్డాయి. భటులు ఎడ్లను విప్పేశారు. ఎడ్లు పోతే కుండలు సంతకు చేరవు, ఇంట్లో పొయ్యి వెలగదు.

"అంత పరుగెత్తిస్తే నా కుండల్లో ఒక్కటైనా మిగిలేదా దొరా?"

"చుక్కలు అబద్ధమాడవే!" అన్నాడు కొత్వాలు.

చిల్లికి పాచి పట్టి చుక్కలు ఆగి ఆగి పడుతున్నాయని సింగమ్మ చూడగానే పోల్చుకుంది. కానీ చెబితే వినే మనిషా!

"అయితే తమరే ఒకసారి నడిచి చూపించండి. నెమ్మదంటే ఏమిటో నేర్చుకుంటాను."

కొత్వాలు మురిసిపోయి, బొజ్జ నిమురుకుంటూ పెళ్లికూతురిలా అడుగులేశాడు. జనం చుక్కలు లెక్కపెట్టారు. పదిహేనే!

సింగమ్మ బుగ్గన వేలేసుకుంది. "అయ్యో, తమరూ జోరు మీదే ఉన్నారే! తమర్ని లాగినవి ఆ కాళ్లేగా? వాటిని దొడ్లో కట్టేస్తే ఇంటికెలా పోతారు? నా ఎడ్లను ఇప్పించండి దొరా, బండిమీద దింపుతాను. మెల్లగానే తోలతాలెండి."

జనం నవ్వుతుంటే, కొత్వాలు చీపురుపుల్ల తెప్పించి తనే చిల్లిలోని పాచి పొడిచి తీశాడు. ఎడ్లు బండికి తిరిగొచ్చాయి.