వచ్చే చలికి కట్టెలు

ఓబులేసుకి యాడా కాలు నిలిచేది కాదు. వానికి ఉండే జబ్బు అదొక్కటే.

కడప పిల్లోడు. చేతిలో వంటపని ఉండాది కాబట్టి ఏ హోటల్‌కి పోయినా గరిటె ఇచ్చి లోపలికి పొమ్మంటారు. ఒక ఊర్లో కొన్నాళ్లు వండుతాడు, నాలుగు రూపాయలు వెనకేసుకుంటాడు, మళ్లీ బస్సెక్కుతాడు. అట్లా పోయి పోయి, దేశం దాటి నేపాల్లో ఒక కొండూరు చేరినాడు. కింద చెరువు, పైన మంచుకొండ. పొద్దున తలుపు తీస్తే కొండ నెత్తిన ఎండ పడి బంగారం పూసినట్టు ఉంటాది. ఫోను తీసి ఫోటో పెడితే సావాసగాళ్లంతా, "సొర్గంలో ఉండావు కదరా ఓబులేసా!" అనేటోళ్లు.

సొర్గమే. కాదనలేం. కొన్నాళ్లకి ఆ సొర్గం కూడా వాని కాళ్ల కింద గుచ్చుకోబట్టింది. ఇట్లే తిరిగి తిరిగి ఏ ఊరికీ కానోడినై పోతానేమో అని లోపల ఒకటే బుగులు.

ఊరి పైన బౌద్ధుల మఠం ఒకటి ఉండాది. దానికి పెద్ద ఒక ముసలి లామా. ఓబులేసు ఆయన కాళ్లు పట్టుకుని, నన్ను శిష్యునిగా పెట్టుకో సామీ అని బతిమాలి చేరినాడు. లామాకి హిందీ కొంచెం వచ్చు, వీనికీ కొంచెమే. అందుకని ఇద్దరికీ మాటలు పొదుపు.

"సామీ, నా మనసు ఏ ఊర్లో నిలుస్తాదో చెప్పు. ఆడికే పోతా" అని అడిగినాడు ఒకనాడు.

లామా లేచి పోయి గొడ్డలి తెచ్చి వాని చేతికిచ్చినాడు. పెరట్లో పడున్న మొద్దులు చూపించినాడు. అంతే.

హోటల్లో పని అయిపోతానే వచ్చి కట్టెలు కొట్టేది. చేతులు బొబ్బలెక్కినాయి. కొట్టేటంతసేపూ ఏ ఊరూ గుర్తొచ్చేది కాదు, గొడ్డలి దించినాక మళ్లీ మొదలు. కొట్టిందంతా చూరు కింద దొంతి పేర్చినాడు. పక్కనే పాత దొంతి ఒకటి నల్లబడి ఉండాది. దాని పక్కన తనది తెల్లగా కనపడతా ఉంటే చూసి మురిసిపోయినాడు.

అంతలో ఫోనొచ్చింది. ఇంకో దేశంలో, ఇంకో కొండూర్లో హోటలు పని. రేపే బయల్దేరమన్నారు. వీడు సరే అనేసినాడు.

ఫోనొచ్చిన పొద్దునే తొలిమంచు పడింది. పోయే ముందు నా కట్టెలతో సామికి మంట పెట్టి, దండం పెట్టి చెప్పిపోదాం అనుకున్నాడు. పూజగదిలో ఇనుపపొయ్యి నిండా తన కట్టెలే కుక్కి అంటించినాడు.

మంట యాడిది! ఒకటే పొగ. సాములంతా దగ్గుకుంటా, కళ్లు నలుపుకుంటా బయటికి ఉరికినారు. మఠంలో వంట చేసే తెంబా తలుపు దగ్గర పొట్ట పట్టుకుని నవ్వతా ఉండాడు.

"ఏం ఓబులేసూ, ఈ చలికి దోమలు కూడా లేవే. ఎవుర్ని తోలతాండావు?"

"కొట్టి నెల దాటింది కదన్నా! మా కడపలో అయితే ఈపాటికి ఫెళఫెళ ఎండేవి!"

"మీ కడప ఎండ ఈడికి ఎవురు తెస్తారప్పా? ఈడ ఈ ఏడు కొట్టింది వచ్చే ఏడు చలికి."

ఓబులేసుకి తల కొట్టేసినట్టయింది. గిర్రున లామా దిక్కు తిరిగినాడు.

"వచ్చే ఏటికి నేనీడ ఉండను సామీ. రేపే పోతాండా. ఉండనని నీకూ తెలుసు. మరి ఎవురికోసం కొట్టించినావు నాచేత?"

లామా మంచులోకి పోయి నల్ల దొంతిలోనుంచి ఒక చంకెడు కట్టెలు తెచ్చినాడు. పొగేసే కట్టెలు బయటికి లాగి, అవి పెట్టినాడు. బుగ్గున అంటుకున్నాయి.

"చేతులు పెట్టు."

పెట్టినాడు. వేళ్లలోకి ప్రాణమొచ్చినట్టు అయింది.

"ఇవి ఎవురు కొట్టినారు సామీ?"

"నీ ఈడు పిల్లోడే. పోయినేడు వచ్చినాడు. నువ్వు అడిగిందే అడిగినాడు. మంచు పడకముందే పోయినాడు."

"ఇప్పుడు యాడుండాడు?"

ముసలాయన పొయ్యిలో కట్టె ఎగదోసినాడు. "ఎండాకాలంలో కబురొచ్చింది. కొండదావలో బస్సు లోయలో పడిందంట."

తెంబా నవ్వు ఆపేసినాడు. లామా కళ్లు తుడుచుకున్నాడు. పొగ అప్పటికే పోయింది.

మనిషి పోయినాక వాని చేతిపని వెచ్చగా తగిలితే ఎట్టుంటాదో, తగిలినోళ్లకే తెలుసు.

ఓబులేసు మంట మీదనుంచి చేతులు తీయకుండానే అడిగినాడు. "సామీ, పోవాల్నా? ఉండాల్నా?"

"వాడు అడిగినప్పుడూ నాకు తెలీలేదు నాయనా" అన్నాడు లామా. "వెచ్చగా ఉండాదా?"

"ఉండాది సామీ."

"అయితే కాచుకో."

బయట గాలి తిరిగింది. మంచు పక్కనుంచి కొడతా కొత్త దొంతి మీద పడతా ఉండాది. ఓబులేసు లేచి తన మూట విప్పినాడు. ప్రయాణానికని కొనుక్కున్న వానకోటు తీసుకుని బయటికి పోయి, దాన్ని కట్టెల మీద కప్పి, గాలికి లేచిపోకుండా రాళ్లు ఎత్తి పెట్టినాడు.