అడ్డగడియలు లేని ఊరు

పూర్వం, కొండవాగు ఒడ్డున నలభై గడపల కుమ్మరిపల్లె ఒకటి ఉండేది. ఆ సీమను ఉద్దండరాయుడనే దొర ఏలేవాడు. అతడు వేటకు వెళ్లినా, తిరిగి వచ్చినా ముందుగా కొమ్ము ఊదేవారు. కొమ్ము వినిపించిన మరుక్షణం పల్లెలో ప్రతి ఇంటివారూ తలుపు మూసి, అడ్డగడియ వేసి, దొర దాటిపోయేదాకా ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. దానికి వారు దొరమర్యాద అని పేరు పెట్టుకున్నారు. భయానికి మర్యాద అని పేరు పెట్టుకుంటే తల ఎత్తుకు తిరగడం కొంత సులువవుతుంది కాబోలు.

వీధి చివరి ఇల్లు మంత్రసాని పోలవ్వది. ఊళ్లో పిల్లాజెల్లా అందరికీ బొడ్డు కోసిన చేయి ఆమెది. కూతురు పోగా మిగిలిన పెళ్లీడు మనవరాలే ఆమెకు లోకం. ఒక సందెవేళ కొమ్ము మోగగానే పోలవ్వ ఆ పిల్లను గాదె వెనక కూర్చోబెట్టి గడియ వేసింది. అంతలో వీధి మొదట ఒక ఆడపిల్ల కేక వినిపించింది. మట్టి తవ్వడానికి వాగుకు వెళ్లి ఆలస్యమైన నాంచారి గొంతు అది. ఆ కేక ఒక్కొక్క వాకిట ఆగి, తలుపు బాది, మళ్లీ పరుగెత్తి వస్తోంది. దాని వెనకే గుర్రపు డెక్కలు, ఏ తొందరా లేకుండా, ఎక్కడికి పోతుందిలే అన్నట్టు వస్తున్నాయి. తల్లిదండ్రులు లేని ఆ పిల్లను పెంచిన మేనమామ తలుపు కూడా తెరుచుకోలేదు.

"అవ్వా! నేను నాంచారినవ్వా! గడియ తియ్యవ్వా, నీ కాళ్లకు మొక్కుతా!"

పోలవ్వ చేయి గడియ మీదికి వెళ్లింది. గాదె వెనక మనవరాలి గాజులు గల్లుమన్నాయి. ఆ చేయి గడియను తీయలేదు; మరింత గట్టిగా అదిమిపట్టింది. తలుపుచెక్కను గోళ్లు గీరిన చప్పుడు కొంతసేపు వినిపించి ఆగిపోయింది. ఆపైన జరిగిన ఘోరాన్ని రక్తి కట్టించి చెప్పే కథకులున్నారు. వారి జోలికి ఈ కథ పోదు.

ఇటువంటి చోట పూర్వుల కథలు సాధారణంగా నేల చీలిందనో, ఆడది రాయి అయిందనో, మంటలో దూకి దేవతగా వెలసిందనో చెప్పి కళ్లు తుడుచుకుంటాయి. నాంచారికి నేల చీలలేదు. తెల్లవారాక ఆమె తన కాళ్ల మీద తాను నడుచుకుంటూ ఊళ్లోకి వచ్చింది. ఊరికి అసలు భయం అప్పుడు పట్టుకుంది.

కులపెద్ద ముద్దయ్య పంచాయతీ కూర్చాడు. ఊరి నడుమ చెరచబడిన స్త్రీ కేక వేసి ఉంటే నిర్దోషి అనీ, వేయకపోతే ఇష్టపడి పోయినట్టే అనీ ఆనాటి ధర్మం. "నిన్న సందెవేళ కేక విన్నోళ్లు ఎవురైనా ఉండారా?" అని అతడు అడిగాడు. విన్నామంటే తలుపు ఎందుకు తీయలేదన్న ప్రశ్న వస్తుంది. ఆ మాట దొర చెవిదాకా పోతుంది. మేనమామ నేల చూస్తూ, "నాకేం ఇనపడలా" అన్నాడు. మిగిలినవారూ ఆ మాటే పట్టుకున్నారు. సాక్ష్యం లేనందున దివ్యపరీక్ష నిర్ణయమైంది. నాంచారి మట్టి తవ్వే గడ్డపలుగునే కుండలు కాల్చే ఆవంలో ఎర్రగా కాల్చి, ఆమె అరచేతులకు ఏడు రావి ఆకులు కట్టి, దానితో ఏడడుగులు వేయించాలి. చేయి కాలితే తల గొరిగి పొలిమేర దాటిస్తారు.

ఆకులు కట్టే పని మంత్రసానిది. పోలవ్వ నూలుపోగు తీసుకొని నాంచారి చేతులు పట్టుకుంది. ఆ గోళ్లు విరిగి ఉన్నాయి. గోళ్ల సందుల్లో వేపచెక్క పేళ్లు దిగబడి ఉన్నాయి. ఊరంతటికీ వేపచెక్క తలుపు ఒక్క పోలవ్వ ఇంటికే ఉంది. ఆమె తల ఎత్తి చూసింది. నాంచారి కూడా ఆమెనే చూస్తోంది.

నోరు తెరిస్తే రేపు దొర మనుషులు ఎవరి కోసం వస్తారో పోలవ్వకు తెలుసు. అయినా ఆ పోగు ముడి పడలేదు. ఆమె ఆకులను నేలపాలు చేసి, "ఈ బిడ్డ కేకేసింది. నేనిన్నాను. ఇని కూడా గడియ అదిమి పట్టుకున్నాను. కాలితే నా చెయ్యి కాలనీ!" అంటూ ఎర్రని గడ్డపలుగును వట్టి చేతులతో ఎత్తింది. అది వాగునీటిలోంచి తీసినంత చల్లగా ఉంది.

నిప్పు చల్లారిందేమోనని ముద్దయ్య చేయి చాపాడు. "నేనైతే ఇన్లేదు" అన్న మాట నోట ఉండగానే అతడి అరచేయి చర్మం ఊడి ఇనుముకు అంటుకుంది. అప్పుడు జనం ఒక్కొక్కరే ముందుకు వచ్చారు. విన్నానని ఒప్పుకున్నవారి చేతికి అది చల్లన, తప్పుకోబోయినవారికి నిప్పు. మేనమామ బావురుమని, "ఇన్నానమ్మా, ఇన్నాను!" అన్నాడు.

సరిగ్గా అప్పుడే కొమ్ము మోగింది. కాళ్లు అలవాటుగా ఇళ్లకు పరుగెత్తాయి. కాని ఏ ఇంట చూసినా అడ్డగడియ బూడిదై గడపలో రాలి ఉంది. దాక్కునేందుకు చోటు లేక, వణుకుతూనే, అందరూ తమ తమ వాకిళ్లలో నిలబడిపోయారు. తెరిచి ఉన్న నలభై తలుపులను చూసి ఉద్దండరాయుడి గుర్రం మొరాయించింది. ఈ తమాషా ఏమిటని అతడు నవ్వుతూ దిగి, పోలవ్వ చేతిలోని గడ్డపలుగును లాక్కొని, నాంచారి వైపు చూసి, "ఈ పిల్లను నేనెరుగను" అన్నాడు. ఆ ఇనుము మరి అతడి చేతిని వదలలేదు. అతడు అరుస్తూ వాగులోకి ఉరికి, చెయ్యి నీట ముంచినవాడు ముంచినట్టే నల్లరాయి అయిపోయాడు.

గడ్డపలుగును రాతి చేతిలోంచి తీసి తెచ్చి వీధి నడుమ నాటింది నాంచారే. ఊరివారు ఆమె కాళ్ల మీద పడి, నీవు దేవతవు, నీకు గుడి కట్టి విగ్రహం నిలుపుతామన్నారు. ఆమె ఒప్పుకోలేదు. "నన్ను రాయిని చేసి మీరు చేతులు కడుక్కుంటారా? నాకు ఇల్లు గావాల, ఊరు గావాల. కుండలు చేసుకొని బతుకుతా" అంది. అలాగే ఆమె పెళ్లాడి, పిల్లలను కని, ముసలిదై, అందరిలాగే కాలం చేసింది.

అప్పటినుంచి ఆ పల్లె పేరు వాకిళ్లపాడు. నాంచారి కాలం చేశాక గడ్డపలుగు చుట్టూ కట్టిన వాకిటమ్మ గుడికి తలుపు లేదు, లోపల విగ్రహమూ లేదు. తుప్పు పట్టని ఆ గడ్డపలుగు మాత్రమే ఉంది. వాగులో నల్లరాయి చుట్టూ నీళ్లు నేటికీ గోరువెచ్చగా ఉంటాయి. ఊళ్లో ఏ తలుపుకూ అడ్డగడియ కనిపించదు. ఏటా జాతరనాటి సందెవేళ కొమ్ము ఊదుతారు. ఒక ఆడపిల్ల వీధి మొదటి నుంచి కేక వేస్తూ పరుగెత్తి వస్తుంది. ఉత్తుత్తి పరుగేనని తెలిసినా చూసేవారికి ఒళ్లు జలదరిస్తుంది. ప్రతి వాకిటా ఇంటివారు అరచేతులు చాపి నిలబడి, "విన్నాం తల్లీ" అనాలి. చివరి ఇంటి దగ్గర మాత్రం ఆ మాట వినిపించదు. పోలవ్వ వంశపు ఆడపడుచు అక్కడ వాకిట్లో నిలబడి ఉండదు. కేక మొదలవగానే వీధిలోకి ఎదురు పరుగెత్తుతుంది.