అంకమ్మ పోసిన నీళ్లు

రాజ్యాలు పోయాయి గానీ రాజులు పోలేదు. ఒక అణువిద్యుత్ కేంద్రంలో చక్రధరం గారనే పెద్ద ఇంజినీరు రాజులాగే ఉండేవారు. కంటికి కనబడని రేడియేషన్ ధూళిని అక్కడి పనివాళ్లు 'మైల' అనేవారు. ఆ మైల కడిగే గదిలో అంకమ్మ పని.

ఒకరోజు మామూలు తనిఖీకి పైనుంచి ఆఫీసరమ్మ వచ్చారు. "మా ప్లాంటు పూజగది లాంటిదమ్మా" అంటూ చక్రధరం గారు చేతి తొడుగు తీసేసి, లోపలి పైపును ఆవు వీపు నిమిరినట్టు నిమిరారు. బయటికొచ్చేటప్పుడు చేతులు పరీక్షించే యంత్రం ఎర్రదీపం వెలిగించి కుయ్యోమని మోగింది.

అందరూ ఆయనకు దూరం జరిగారు. ఆయన కంగారుగా పక్కనున్న కడిగే గదిలోకి వెళ్లి కుళాయి తిప్పబోయారు.

"ముట్టుకోకండయ్యా! దానికీ మైల అంటుద్ది. దోసిలి పట్టండి, నేను పోస్తాను" అంది అంకమ్మ.

ఆయన వంగి దోసిలి పట్టారు. అంకమ్మ చెంబు ఎత్తిపట్టి సన్నటి ధార పోసింది. చెంబు ఆయన చేతికి తగల్లేదు, చుక్క బయటికి చిందలేదు.

ఆఫీసరమ్మ ముచ్చటపడ్డారు. "ఇంత ఒడుపు ఎక్కడ నేర్చుకున్నావమ్మా? ట్రైనింగ్ ఇచ్చారా?"

"సారు గదిలోనేనండీ. నా గ్లాసు టీ కెటిల్‌కి తగలకుండా, రోజూ నాకు టీ ఇలాగే పైనుంచి పోయిస్తారు."

అక్కడున్నవాళ్లంతా నేలచూపులు చూశారు. ఆ టీ పోయడం రోజూ చూస్తున్నవాళ్లే మరి.

చక్రధరం గారు చేతులు మళ్లీ యంత్రం మీద పెట్టారు. పచ్చదీపం వెలిగింది. అయినా ఆయన తల ఎత్తలేదు.

అంకమ్మ చెంబు బోర్లించి మెల్లగా అంది. "అదృష్టవంతులయ్యా. మీది కడిగితే పోయింది."