మూత మూసుకున్న నెమలి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో చదువుకోవడానికి రెండు బళ్ళు, తాగడానికి ఒకటే మడుగు. ఇక గొడవ ఎక్కడ మొదలైందో మీకు వేరే చెప్పాలా?

గుట్ట మీద ఉన్నది గుట్టబడి. లోయలో ఉన్నది లోయబడి. ఎండలు ముదిరితే మడుగులో నీళ్ళు రెండు బళ్ళ పిల్లలకూ చాలవు. అందుకని పెద్ద జంతువులన్నీ కూర్చుని ఒక పద్ధతి పెట్టాయి. చలి తగ్గగానే రెండు బళ్ళ మధ్య ఉత్తుత్తి టాంకుల యుద్ధం జరగాలి. గెలిచిన బడి పిల్లలకు ఎండాకాలమంతా మడుగు. ఓడిన బడి పిల్లలు బండల మీదుగా నడిచి, ఎక్కడో దూరాన ఉన్న వాగులో తాగి రావాలి.

అడవిలో టాంకులేమిటంటారా? ఒకప్పుడు ఆ అడవి అంచున సైన్యంవాళ్ళు టాంకులతో సాధన చేసి వెళ్ళారు. కోతులు చెట్లెక్కి చూశాయి. చూశాక కోతులు ఊరుకుంటాయా? బోలుగా ఉన్న మాను తెచ్చి, దుంగ ముక్కలు చక్రాలుగా బిగించి, పైన బెరడు కప్పి, వెదురుబద్దను వంచి ఫిరంగి చేశాయి. అందులోంచి దూసుకొచ్చేది తడి ఎర్రమట్టి ముద్ద. ప్రతి టాంకు మీదా ఒక కొమ్మ గుచ్చుతారు. ముద్ద తగిలి కొమ్మ పడిపోతే ఆ టాంకు ఆటలోంచి పోయినట్టే. అంతటితో సరి. మనుషుల యుద్ధాల్లో నిజంగా చస్తారు. జంతువులకు ఇంకా అంత తెలివి రాలేదు.

లోయబడి ఆ ఆట ఎప్పుడూ ఆడలేదు. "మనవల్ల ఎక్కడవుతుంది!" అని ఆడకముందే ఓడిపోయి, ఏటా బండల మీద నడిచేది. కిందటి ఎండాకాలం ఆ బండల మీదే ఒక అడవిపంది పిల్లకు వడదెబ్బ తగిలింది. బతికాడు గానీ కాళ్ళలో సత్తువ పోయింది. వాడి అక్క పేరు దుబ్బి. ఈ ఏడు దుబ్బి బడి మధ్యలో నిలబడి, "మనం ఆడదాం. మా తమ్ముడు ఇంకోసారి ఆ బండలు దాటలేడు" అంది.

"టాంకు ఎలా తోలుతారో తెలుసా నీకు?" అని కోతి వెక్కిరించింది. దాని పేరు కిచ్చి.

"తెలీదు. నీకు తెలుసా?"

"మా తాత చూశాడు."

"మీ తాత చూస్తే నీకు వచ్చేసిందా? అయితే మా తాత పొద్దున్నే దుంపలు తిన్నాడు. నాకు ఆకలి తీరిపోవాలి మరి!"

అన్నీ నవ్వాయి. ఆ నవ్వులోనే జట్టు తయారైంది.

ఒక్కో బడికి రెండు టాంకులు. రెండింటి కొమ్మలూ పడిపోతే ఆ బడి ఓడినట్టే. ఒకటి ముళ్ళపంది అన్నదమ్ములు తీసుకున్నాయి. రెండోదాంట్లో దుబ్బి టాంకును తోసేది, కిచ్చి ముద్దలు విసిరేది. నీలాద్రి అనే నెమలి కెప్టెన్. దాని మెడ పొడుగు, చూపు వాడి. పైనున్న కంతలోంచి తల బయటపెట్టి నాలుగు దిక్కులూ చూసి చెప్పడం దాని పని. లోపల దుబ్బికి మాను తప్ప ఏమీ కనబడదు. పైన ఉన్నదాని కళ్ళే లోపలివాటికి కళ్ళు.

వీటికి నేర్పింది ముంగిస పంతులమ్మ. మనిషి చిన్నదైనా నోరు పెద్దది. అది కూడా టాంకు తోలి ఎరగదు. కానీ ఎరగనని ముందే చెప్పింది, అదే దాని గొప్ప.

మొదటి రోజు సాధనలో నీలాద్రి "కుడికి!" అని అరిచింది. దుబ్బి కుడికి తోసింది. టాంకు వెళ్ళి చీమల పుట్టలో దిగబడింది.

"కుడి అన్నావుగా!" అంది దుబ్బి, మూతి మీది చీమలు దులుపుకుంటూ.

"అన్నాను. కానీ అప్పుడు నేను వెనక్కి తిరిగి చూస్తున్నాను" అంది నీలాద్రి.

"కెప్టెన్ ఒకవైపు, టాంకు ఇంకోవైపు! శుభం!" అంది పంతులమ్మ. "ఇకనుంచి కుడీ ఎడమా టాంకువి. నీవి కావు."

రెండోరోజు ముళ్ళపందులు విసిరిన ముద్ద తిన్నగా వచ్చి నీలాద్రి మొహం మీద పచ్చడైంది. తలమీది కుచ్చు వాలిపోయింది. కళ్ళనిండా మట్టి.

"ఒరేయ్, ఇన్నాళ్ళూ నెమలి అనుకున్నాం రోయ్! ఇది తడిసిన కోడి!" అని కిచ్చి పొట్ట పట్టుకుని దొర్లింది. ముళ్ళపందులు నవ్వాయి. దుబ్బి కూడా నవ్వింది. నీలాద్రి నవ్వలేదు. ఆ సాయంత్రం మడుగు దగ్గర ఒక్కతే కూర్చుని మొహం కడిగింది. మట్టి పోయాక కూడా కడుగుతూనే ఉంది.

మూడోరోజు కంతకు సరిగ్గా సరిపోయే బెరడు మూత తెచ్చింది. "చూడటానికి సన్నని సందు ఉంచాను" అంది. సాధన మొదలైంది. సందులోంచి కూడా మట్టి చిమ్మింది. అప్పుడు నీలాద్రి చప్పుడు కాకుండా ఆ సందులో గడ్డి కుక్కేసింది.

మరి దారి ఎలా చెప్పిందంటారా? అది పుట్టి పెరిగిన లోయ. ఏ తుమ్మచెట్టు ఎక్కడుందో, ఏ రాయి ఎక్కడుందో దానికి కంఠతా వచ్చు. కళ్ళు మూసుకునే "తుమ్మ దాటాం, ఎడమకి! రాయి వస్తోంది, మెల్లగా!" అని చెప్పింది. అన్నీ సరిపోయాయి. టాంకు దిగేసరికి నీలాద్రి ఒంటిమీద ఒక్క మరక లేదు.

"కెప్టెన్ గారూ, దండాలు!" అంది కిచ్చి, ఈసారి నిజంగానే.

పంతులమ్మ మాత్రం కళ్ళు చిట్లించింది. "మూత వేసుకుని ఎలా చూశావే?"

"సందులోంచి, పంతులమ్మగారూ."

"చూస్తూనే ఉన్నావు కదా? కళ్ళు మూసుకుని పాముతో తలపడ్డ ముంగిస ఏదీ ముసలిది కాలేదు. గుర్తుంచుకో."

"చూస్తూనే ఉన్నానండీ."

మొదటి అబద్ధం అదే. మొదటిది చెప్పాక రెండోది చెప్పడానికి ఎవరికీ కష్టం ఉండదు.

యుద్ధం రోజు వచ్చింది. మైదానం గుట్టకీ లోయకీ మధ్యన ఉంది. నీలాద్రి ఎప్పుడూ అడుగుపెట్టని చోటు. గుట్టబడి టాంకుల్లో నక్కపిల్లలున్నాయి. "లోయవాళ్ళొచ్చార్రోయ్! దారి తెలుసో లేదో, చెయ్యి పట్టుకుని తీసుకురండి!" అని ఊళ పెట్టాయి. గట్టుమీద దుబ్బి తమ్ముడు తల్లి పక్కన కూర్చుని ఉన్నాడు.

కొమ్ము ఊదారు. మొదటి ముద్ద నీలాద్రి చెవి పక్కనుంచి రయ్యిమని పోయింది. అంతే, టక్కున మూత పడింది.

"ముందుకి!" అంది లోపలినుంచి. దుబ్బి తోసింది. కాసేపటికి, "మలుపు దాటామా?" అని అడిగింది.

"దాటాం, దాటాం."

ఇంకాస్త తోసింది. చక్రాల కింద నేల మెత్తగా తగిలింది. "ఇక్కడ ఇసక ఉందేమిటి? సరైన దారేనా?"

"నేను చూస్తున్నానుగా! తొయ్యి!"

ఇంకాస్త ముందుకెళ్ళాక దుబ్బి ముక్కు అదిరింది. బెరడు కీళ్ళలోంచి వాసన వస్తోంది. నక్క వాసన కాదు. బడిలో రోజూ తన పక్కన కూర్చునే వాసన.

"నీలాద్రీ, ఇది మనవాళ్ళ వాసనలా ఉంది. ఎదురుగా ఉన్నది ఎవరు? నిజంగా కనబడుతోందా నీకు?"

ఇక్కడ ఆగండి పిల్లలూ. నీలాద్రికి అప్పుడు కూడా సమయం ఉంది. "కనబడటం లేదు" అంటే సరిపోయేది. ఒక్క ముక్క. కానీ ఆ ముక్క అంటే మూత తియ్యాలి. మూత తీస్తే మట్టి, మట్టి పడితే నవ్వులు. అది నవ్వులనే తలుచుకుంది.

"లోపల తోసేదానివి నీకేం తెలుస్తుంది? కెప్టెన్ నేనా నువ్వా? ఎదురుగా నక్కలే! కిచ్చీ, కొట్టు!"

ముక్కు నిజం చెప్పింది, పదవి అబద్ధం చెప్పింది. దుబ్బి పదవి మాట విని, నోరు మూసుకుని టాంకును నిలబెట్టింది. ఇలాంటివాళ్ళు మన ఇళ్ళలో కూడా ఉన్నారు లెండి.

కిచ్చి కొట్టింది. ధడ్‌మని చప్పుడు. బయట ఒకటే కేకలు, చప్పట్లు.

"కొట్టేశాం రోయ్!" అని కిచ్చి గెంతింది.

అంతలో మూత మీద దబదబా బాదిన చప్పుడు. "ఒరేయ్ గుడ్డి వెధవల్లారా! కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చారా? మా కొమ్మ పడగొట్టారు కదరా!" అది ముళ్ళపంది గొంతు. చప్పట్లు కొట్టింది గుట్టబడి.

నీలాద్రి మెల్లగా, "నాకు కనబడలేదు" అంది.

"ఇప్పుడా?" అంది దుబ్బి.

"మొదటినుంచీ. మూత తెచ్చిన రోజునుంచీ."

కిచ్చి ఏదో అనబోయింది. దుబ్బి దాన్ని ఆపింది. "తిట్లు తర్వాత. ఆట ఇంకా అయిపోలేదు. మూత తియ్యి."

"మట్టి..."

"గట్టుమీద మా తమ్ముడున్నాడు. తియ్యి."

నీలాద్రి మూత తీసి అవతల పారేసింది. తల బయటపెట్టిందో లేదో ముద్ద తగిలింది. కళ్ళు తుడుచుకుంది. ఇంకోటి తగిలింది. మళ్ళీ తుడుచుకుంది. ఇప్పుడు దాని మాట వేరుగా వచ్చింది: "ఎడమకి... ఇంకాస్త... ఆగు. అవతల ఏముందో తెలియడం లేదు. ఆ, కనబడింది! పొద వెనక! కిచ్చీ, కొంచెం పైకి!" కిచ్చి కొట్టింది. నక్కల టాంకు కొమ్మ ఒకటి ఎగిరి పడింది.

గట్టుమీద లోయబడి పిల్లలు లేచి నిలబడ్డాయి. ఇంకొక్కటి. ఒక్కటే.

"బండ వెనక రెండోది!" అని నీలాద్రి అరిచింది. "వెనక్కి, దుబ్బీ, వెనక్కి! ఫిరంగి మనవైపే..."

దుబ్బి ప్రాణం పెట్టి తోసింది. కానీ సాయపడాల్సిన ముళ్ళపందులు గట్టుమీద కూర్చుని ఉన్నాయి. ముద్ద వచ్చింది. కొమ్మ పడింది. మడుగు గుట్టబడిది అయింది.

మీరు వేరేలా అనుకున్నారు కదూ? చివర్లో నిజం చెబితే గెలుస్తారని? ఆలస్యంగా చెప్పిన నిజం మంచిదే గానీ, పడిపోయిన కొమ్మను తిరిగి నిలబెట్టదు.

పంతులమ్మ ముగ్గురినీ ఎదురుగా నిలబెట్టింది. "ఎందుకు చెప్పలేదే?"

"నవ్వుతారని" అంది నీలాద్రి.

"నవ్వితే మట్టి అంటుకుంటుందా? నువ్వు కూడా నవ్వి ఉంటే ఆ రోజే అయిపోయేది." కిచ్చి వైపు తిరిగింది. "నీ నోటికి భయపడి అది మూత వేసుకుంది. సంబరమేనా?" కిచ్చి తల దించుకుంది. "నువ్వో దుబ్బీ? ముక్కు చెప్పిందా లేదా?"

"చెప్పిందండీ."

"మరి?"

"కెప్టెన్ చెప్పింది కదా అని..." దుబ్బి మాట పూర్తి చెయ్యలేక ఏడ్చేసింది. "మూత సరిగా చూడనిది నేను. ఆ తప్పు నాది" అంది పంతులమ్మ.

ఎండాకాలం వచ్చింది. లోయబడి పిల్లలు బండల మీదుగా వాగుకు బయల్దేరాయి. దుబ్బి, కిచ్చి వంతులేసుకుని తమ్ముణ్ణి మోశాయి. నీలాద్రికి రెక్కలున్నాయి. ఎగిరితే చిటికెలో వాగు. అయినా ఎగరలేదు. కాళ్ళు కాలుతున్నా అందరికంటే ముందు నడిచింది.

సగం దారిలో తమ్ముడి తల వాలిపోయింది.

"ముందు ఎక్కడైనా నీడ ఉందా?" అని దుబ్బి అడిగింది.

నీలాద్రి ఒక బండ ఎక్కి మెడ చాచింది. దూరాన ఏదో నల్లగా ఉంది. చెట్టో, రాయో. ఎండ కళ్ళలో పొడుస్తోంది. "ఉంది" అంటే దుబ్బి ప్రాణం కుదుటపడుతుందని దానికి తెలుసు.

"తెలియడం లేదు దుబ్బీ. నల్లగా ఏదో ఉంది, అదేమిటో తెలియడం లేదు. మీరు కదలకండి. నేను ఎగిరి వెళ్ళి చూసి వచ్చి చెబుతా."

"ఆలస్యమైతే?"

"అబద్ధం చెబితే ఇంకా ఆలస్యమవుతుంది."

దుబ్బి ఎండకు అడ్డంగా నిలబడి, తమ్ముణ్ణి తన నీడలోకి లాక్కుని ఎదురుచూసింది.

నీతి: దారి చూపేవాళ్ళు కనబడనప్పుడు కనబడలేదని చెప్పాలి, వెనక నడిచేవాళ్ళు అనుమానం వచ్చినప్పుడు ఆగి తేల్చుకోవాలి.