తలుపు ఆఖర్న వేసే అక్షరం

అనగనగా కనకగిరిని ఏలే ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతుడికి చదువు పిచ్చి. ఏడు సముద్రాల అవతల జపాను లిపి నేర్పే గురువున్నాడని విని ఓడెక్కాడు. తిరిగి రాలేదు. అన్నను వెతకడానికి రెండోవాడు రత్నకేతుడు వెళ్లాడు. అతడూ రాలేదు. రాజు మంచం పట్టాడు.

"అన్నల్ని నేను తెస్తాను నాన్నగారూ" అని చిన్నవాడు చిత్రకేతుడు బయల్దేరాడు.

ఏడు సముద్రాలూ దాటి దీవిలో దిగేసరికి, ఒక ముసలి ఎండ్రకాయ వెల్లకిలా పడి కొట్టుకుంటోంది. చిత్రకేతుడు దాన్ని తిరగేశాడు.

"నువ్వూ అక్షరానికే వచ్చావా నాయనా?" అంది ఎండ్రకాయ జాలిగా. "వాడు గురువు కాదు, కాలదంష్ట్రుడనే మాంత్రికుడు. వాడు నేర్పేది ఒకే ఒక్క అక్షరం." ఇసుకలో గీసి చూపించింది: 囚.

"కిటికీలా ఉందే!"

"మీ అన్నలూ అలాగే అన్నారు. చుట్టూ నాలుగు గోడలు, లోపలి రెండు గీతలూ మనిషి. అంటే ఖైదీ! ఈ దీవిలో ఆ అక్షరం రాస్తే లోపలికి ఒక ప్రాణిని లాక్కుంటుంది. మీ తెలుగువాళ్లకు ముందు సున్నా చుట్టేసి తర్వాత లోపల చుక్క పెట్టే అలవాటు. మీ అన్నలు ముందే నాలుగు గోడలూ కట్టేశారు. ఖాళీ చెర ఊరుకుంటుందా? రాసినవాళ్లనే మింగేసింది. రెండు పక్కలా, పైనా గీసి, మనిషిని పెట్టు. తలుపు ఆఖర్న వెయ్యి. ఇంకో మాట, వాడి ప్రాణం భుజం మీది చిలకలో ఉంది."

దీవి నిండా అవే గళ్లు. చాలా గళ్లలో ఎముకలే ఉన్నాయి. చిత్రకేతుడు వాటి మధ్యనుంచి నడిచి, భుజం మీద చిలకతో నిలబడ్డ మాంత్రికుడి ముందుకొచ్చాడు.

"రాయి శిష్యా!" అన్నాడు మాంత్రికుడు నవ్వుతూ.

చిత్రకేతుడు మూడు గోడలు గీశాడు. మధ్యలో జామపండు ముక్క పెట్టాడు. చిలక రివ్వున దిగి ముక్క అందుకుంది.

"ఏదిరా మనిషి?" అని అరిచాడు మాంత్రికుడు.

"తమరి ప్రాణం ఉందిగా గురువుగారూ" అంటూ కింది గోడ గీసేశాడు. మాంత్రికుడు నిలబడ్డచోటే కొయ్యబారిపోయాడు.

చిత్రకేతుడు పరుగెత్తుకెళ్లి అన్నల గోడలు చేత్తో చెరిపేశాడు. రత్నకేతుడు బయటికి దూకి తమ్ముణ్ణి వాటేసుకుని ఏడ్చాడు. జయకేతుడు మాత్రం కదల్లేదు.

"రా అన్నయ్యా, గోడల్లేవు."

"తలుపు ఎవరూ తియ్యలేదుగా" అన్నాడు జయకేతుడు.

చిత్రకేతుడికి ఆ అక్షరానికి అర్థం అప్పుడు తెలిసింది. అన్నను ఎత్తుకుని ఓడెక్కించాడు.

కనకగిరిలో చిత్రకేతుడికి మంత్రిగారి అమ్మాయితో అంగరంగ వైభవంగా పెళ్లి జరిగింది. పెళ్లిమండపం ద్వారం బార్లా తెరిచే ఉంది. జయకేతుడు గడప అవతలే ఆగిపోయి, "తమ్ముడూ, రానా?" అని అడిగాడు.

చిత్రకేతుడు పీటల మీంచి లేచొచ్చి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. రాజై చాలాకాలం చల్లగా ఏలాడు. నిండు కొలువులో ఉన్నా అన్న పిలుపు వినిపిస్తే లేచేవాడు, ప్రతి గడప దగ్గరా, ప్రతి రోజూ.